కట్టెల బాయిలరు పొగగొట్టాన్ని వంటింటి చిమ్నీ గొట్టంతో కలపవచ్చా?

తిరుపతిలో ఇల్లు కట్టుకుంటున్నామని, స్నానపు నీళ్ళు కాచే కట్టెల బాయిలరు పొగగొట్టాన్ని వంటింటి చిమ్నీ గొట్టంతో కలిపి ఒకే దారిన మిద్దె మీదికి తీసుకుపోవచ్చా అని మీరు అడిగారు. కలపకూడదు. వంటింటి ఫ్యాను ఆగి ఉన్నప్పుడు బాయిలరు పొగ ఆ గొట్టం గుండా వంటింట్లోకే దిగుతుంది. పైగా తాలింపు జిడ్డు పేరుకున్న గొట్టంలోకి కట్టెల నిప్పురవ్వ ఒక్కటి చేరినా అంటుకుంటుంది. దేని గొట్టం దానికే ఉండాలి.

ఎత్తు విషయంలో అమెరికా గృహనిర్మాణ నియమావళి చెప్పేది మనకూ పనికివస్తుంది. పొగగొట్టం కప్పును దాటి కనీసం 3 అడుగులు పైకి రావాలి, చుట్టూ 10 అడుగుల లోపు ఉన్న కట్టడం కన్నా 2 అడుగులు ఎత్తుగా ఉండాలి. మన మిద్దెల మీద మెట్ల గదిని ఆనుకుని మోకాలెత్తు గొట్టం నిలబెడతారు. గోడకు తగిలిన గాలి కిందికి మళ్ళి పొగను మళ్ళీ ఇంట్లోకే నెడుతుంది. మన దేశంలోనూ చిమ్నీలు, పొగగొట్టాల అగ్ని భద్రత కోసం ఐఎస్ 1645 అనే ప్రమాణం ఉంది కానీ, దాని పేరు విన్న మేస్త్రీని నేను ఇంతవరకూ కలవలేదు.

అయితే మీరు అడగని సంగతి ఒకటి ఇంతకన్నా ముఖ్యమని నా గట్టి నమ్మకం. కపిలతీర్థం వైపు ఉన్న మా అన్నయ్య ఇంట్లో ఒక భోగి నాడు తెల్లవారుజామున అందరూ ఒకరి తర్వాత ఒకరు తలంటు పోసుకుంటున్నారు. గ్యాసు గీజరు స్నానాల గదిలోనే ఉంది, కోతులు దూరుతున్నాయని వెంటిలేటరుకు ఫైబరు షీటు బిగించి ఉంది. అందరికన్నా చివర వెళ్ళిన మా అన్నయ్య కూతురు ఎంతకీ బయటికి రాలేదు. వదిన పిలిస్తే పలుకు లేదు, నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అన్నయ్య రుబ్బురోలు పొత్రంతో గడియ ఊడగొట్టి చూసేసరికి అమ్మాయి గోడకు జారగిలబడి, స్పృహ లేకుండా ఉంది. గ్యాసు వాసన లేదు, గీజరు మామూలుగానే వెలుగుతోంది; అందుకే ఇరుగుపొరుగు వారు ఖాళీ కడుపున కళ్ళు తిరిగాయని అనుకుని సోడా తెప్పించబోయారు. నేను ఆ మాట వినకుండా ఆమెను ఆరుబయటికి తెప్పించి, ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. అక్కడ ఆక్సిజను పెట్టారు, సాయంత్రానికి తేరుకుంది.

సిలిండరులోని గ్యాసుకు వాసన కలుపుతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది. కానీ అది సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, రక్తంలోని హిమోగ్లోబినును అది ఆక్సిజను కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన గదిలో ఒక్కొక్క స్నానానికీ ఆక్సిజను తగ్గుతూ, మంట మరింత అరకొరగా మండుతూ పోతుంది కనుకనే చివర వెళ్ళిన పిల్లకు ఆ గతి పట్టింది.

బ్రిటనులో 1998 నాటి గ్యాసు భద్రతా నిబంధనల ప్రకారం, గాలిని బయటి నుంచే తీసుకుని పొగను బయటికే వదిలే మూసిన రకం పరికరం తప్ప మరేదీ స్నానాల గదిలో బిగించకూడదు. మన ఊళ్ళో కుళాయి ఎక్కడ ఉంటే అక్కడ బిగించి డబ్బులు తీసుకుని వెళ్ళిపోతారు. ప్లాను మంజూరు చేసేటప్పుడు ఇంటి చుట్టూ వదలవలసిన స్థలాన్ని టేపు పెట్టి కొలిచేవారు, పొగ ఎటు పోతుందని ఒక్క ప్రశ్న కూడా అడగరు. ఈ నిర్లక్ష్యం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

కాబట్టి గ్యాసు గీజరు పెట్టదలచుకుంటే దానిని పెరటి వైపు ఆరుబయట గోడకు బిగించి, వేడినీళ్ళ పైపును మాత్రమే లోపలికి తెచ్చుకోండి. కట్టెల బాయిలరును కూడా పెరటి రేకుల కింద, కొబ్బరాకుల పందిరికి దూరంగా పెట్టండి. పచ్చి మామిడి కట్టె కాలిస్తే గొట్టం లోపల తారులాంటి మసి పేరుకుని తానే అంటుకోగలదు, కనుక ఎండిన కట్టెలే వాడి, చలికాలానికి ముందు ఒకసారి గొట్టాన్ని దులిపించండి. వెంటిలేటర్లకు షీటు కాకుండా ఇనుప జాలీ పెట్టాలని గోడలకు పూత పూయకముందే మేస్త్రీకి చెప్పండి.