మైదానం సందేహాలు: ఫౌల్ ఎక్కడ మొదలవుతుంది?

ప్రశ్న: లాంగ్ జంప్‌లో మూడు ప్రయత్నాల్లో రెండు, కాలు బోర్డు (దూకేందుకు కాలు మోపే పలక) ముందంచు గీత దాటి ఫౌలవుతున్నాయి. మార్కు (పరుగు మొదలుపెట్టే గుర్తు) వెనక్కి జరిపితే కాలు బోర్డుకు అందడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఫౌల్ బయటపడేది బోర్డు దగ్గరే అయినా, మొదలయ్యేది పరుగు తొలి మూడు అంగల్లో. ఒకసారి నిలబడి, ఇంకోసారి నాలుగడుగులు నడిచి పరుగందుకుంటే ఆ అంగల పొడవు మారిపోతుంది. బోర్డు వెడల్పా, 20 సెంటీమీటర్లే!

కొత్తవారికి 12 లేదా 14 అంగలు చాలు. దూకే కాలిని మార్కు మీద పెట్టి నిలబడి, ప్రతిసారీ ఒకే ఊపుతో బయల్దేరండి. అంగలు సరిసంఖ్యలో ఉంటే చివరిది దూకే కాలిదే అవుతుంది. ఆరుసార్లు ఇలా పరుగెత్తండి. చివరి అంగ ఎక్కడ పడిందో పక్కనున్నవారు గుర్తుపెట్టాలి. ప్రతిసారీ గీతను 15 సెంటీమీటర్లు దాటుతుంటే మార్కును అంతే వెనక్కి జరపండి. ఒకసారి 20 దాటి, మరోసారి 30 తక్కువ పడుతుంటే మాత్రం మార్కు జోలికి వెళ్లొద్దు. మీ సమస్య ఇదేననిపిస్తోంది. తొలి అంగలు కుదిరేదాకా వాటినే సాధన చేయండి. ఎదురుగాలికి అంగలు కురచవుతాయి, ఆ రోజు మార్కు కాస్త ముందుకు జరపాలి.

బోర్డు కోసం కిందికి చూడకండి. చూస్తే చివర్లో అంగలు కుదించడమో సాగదీయడమో చేస్తారు, వేగం అక్కడే పోతుంది. చూపు ఇసుక గుంట అవతల ఉండాలి. చివరి ముందు అంగ కొంచెం పొడవుగా, చివరిది కురచగా పడాలి. పాదం మొత్తం ఒక్కసారిగా ఆనాలి. మడమ ముందు గుచ్చుకుంటే అది బ్రేకే.

ఇంకొకటి. 2021 నవంబరు నుంచి నియమం మారింది. దూకే కాలు నేల విడవకముందే బూటు కొన గీత మీదుగా గాలిలో ముందుకు వచ్చినా ఫౌలే, నేలకు తగలనక్కర్లేదు. అందుకే సాధనలో గీతకు నాలుగైదు సెంటీమీటర్లు వెనక పడేలా మార్కు పెట్టుకోవడం మంచిది.

ప్రశ్న: షాట్‌పుట్ వేశాక మోచేయి నొప్పి పెడుతోంది. ఎందుకు?

జవాబు: గుండును బంతిలా విసురుతున్నట్టున్నారు. మోచేయి కిందికి జారి గుండు భుజం వెనక్కి వెళ్తే బరువంతా కీలు మీద పడుతుంది, ప్రయత్నమూ ఫౌలవుతుంది. గుండు అరచేతిలో కాకుండా వేళ్ల మొదళ్లలో ఉండాలి. దవడ కింద మెడకు ఆనించి, మోచేయి గుండు వెనకే ఉండేలా ఎత్తి పట్టండి. ముందు కాళ్లు, నడుము తిరగాలి, చేయి చివర నెట్టాలి. నొప్పి తగ్గేదాకా గుండు ముట్టుకోకండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.