ముందు ఒడ్డు, ఆ తరువాతే తెడ్డు

ప్రశ్న: మేము ముగ్గురు స్నేహితులం. రుషికొండ దగ్గర అద్దె కయాక్‌లలో (తెడ్డుతో నడిపే చిన్న పడవల్లో) నాలుగైదుసార్లు తిరిగాం. కొండలనూ బండరాళ్లనూ పక్కనే చూసుకుంటూ భీమిలి వరకు సముద్రం మీదే వెళ్లాలని ఉంది. రోడ్డు మీద అరగంట దారే కదా, తెల్లవారుతూనే బయలుదేరితే టిఫిన్ వేళకు చేరలేమా? ఏ నెల మంచిది?
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: మీ కోరిక చాలా మంచిది. తూర్పు కనుమలు సముద్రానికి ఇంత దగ్గరగా వచ్చే చోట్లు మన తీరంలో అరుదు. తొట్లకొండ కింద నుంచి, ఎర్రమట్టి దిబ్బల ముందు నుంచి, పావురాలకొండ కనిపించేదాకా నీటి మీద కూర్చుని చూసుకుంటూ పోతే, రోజూ బీచ్ రోడ్డు మీద తిరిగే వారికి కూడా అది కొత్త ఊరిలా కనిపిస్తుంది. అయితే మీ లెక్కలో రెండు పొరపాట్లు ఉన్నాయి.

మొదటిది వేగం. దూరం సుమారు 15 కిలోమీటర్లు. మీకు అలవాటైన, పైన కూర్చునే రకం కయాక్ వెడల్పుగా, బరువుగా ఉంటుంది కనుక కొత్తవారి చేతిలో గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి సాగదు. ఆరింటికి బయలుదేరినా భీమిలి చేరేసరికి పదిన్నరో పదకొండో అవుతుంది. సముద్రపు గాలి లేచేది కూడా ఇంచుమించు ఆ వేళకే. అంటే చేతులు బాగా అలసిపోయిన సమయానికి కెరటాలు ఎత్తు పెరుగుతాయి, దిగడం అన్నిటికన్నా కష్టమవుతుంది.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. మీ ఉత్తరంలో ఎక్కడ బయలుదేరాలో ఉంది, ఎక్కడికి చేరాలో ఉంది. మధ్యలో ఒకరికి భుజం పట్టేస్తే, పడవలోకి నీరు చేరితే, ఎక్కడ ఒడ్డుకు రావాలో లేదు. రాతి తీరంలో కయాక్ నడిపేవారు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది అదే. అందుకే ఈ ప్రయాణాన్ని ముందు బండి మీద చేయండి. ఒక రోజంతా తీసుకుని, ప్రతి ఇసుక మలుపు దగ్గరా ఆగి, నీటి అంచుదాకా నడిచి, పోటు వేళా ఆటు వేళా కెరటం ఎక్కడ విరుగుతోందో చూడండి. పోటులో ఇసుకగా కనిపించిన చోట ఆటుకు రాళ్లు తేలుతాయి. మంగమారిపేట పరిసరాల్లో దీన్ని కళ్లారా చూడవచ్చు. దిగదగిన చోట్లన్నీ కాగితం మీద రాసుకుని, వరుసగా రెండు చోట్ల మధ్య అరగంటకు మించిన దూరం ఉంటే అక్కడ గాలి, కెరటం రెండూ అనుకూలంగా ఉన్న రోజునే దాటాలని గుర్తు పెట్టుకోండి. ఐఎన్ఎస్ కళింగ నౌకాదళ స్థావరం కూడా ఈ తీరంలోనే ఉంది. ఆ భాగంలో ఒడ్డుకు చేరే ఆలోచన పెట్టుకోవద్దు. బయలుదేరే ముందు మెరైన్ పోలీసులకు మీ దారి, తిరిగివచ్చే వేళ చెప్పి వెళ్లండి.

కెరటం దాటడం నాకు నేర్పింది ఒక పెద్దాయన, తెప్ప మీద వేటకు వెళ్లే మనిషి. నేను పడవ నీటిలోకి తోసి వెంటనే ఎక్కబోతుంటే ఆయన వెనక అంచు మీద చెయ్యి వేసి ఆపారు. మోకాలిలోతు నీటిలో నిలబడి, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు కెరటాలు చూశారు. మూడు పెద్దవి వరుసగా వచ్చి విరిగాయి, నాలుగోది చిన్నది, ఐదోది దాని కన్నా చిన్నది. అప్పుడు చెయ్యి తీసి, "ఇప్పుడు ఎల్లు బాబూ" అన్నారు. ఆ సందు నిమిషం కూడా ఉండదు, కానీ అది చాలు. కెరటాలు వరుసలుగా వస్తాయి, వరుసకూ వరుసకూ మధ్య కాస్త తెరిపి ఉంటుంది. పది నిమిషాలైనా ఒడ్డున నిలబడి ఆ లెక్క చూడకుండా ఎన్నడూ దిగవద్దు. తిరిగి వచ్చేటప్పుడు కూడా కెరటాలు విరిగే చోటుకు అవతలే ఆగి, అదే లెక్క చూసుకుని, చివరి పెద్ద కెరటం వీపు వెనకే ఒడ్డుకు రావాలి.

పడవ అడ్డం తిరిగితే ఒడ్డు వైపు కాకుండా కెరటం వైపు ఒరగండి. బోల్తా పడితే పడవకూ ఒడ్డుకూ మధ్య ఎప్పుడూ నిలబడవద్దు. వంద లీటర్ల నీరు చేరిన పడవ అంటే వంద కిలోలకు పైగా బరువు, కెరటం దాన్ని దూలంలా తోసుకొస్తుంది. నేను ఒక్కసారి అటు నిలబడ్డాను. మోకాలికి తగిలిన ఆ దెబ్బ మానడానికి రెండు నెలలు పట్టింది.

ఇక గాలి. చలికాలపు తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు పల్చని గాలి వీస్తుంది. ఒడ్డు దగ్గర నీరు అద్దంలా ఉంటుంది, చూడగానే ధైర్యం వస్తుంది. కానీ కొండ చాటు దాటగానే అదే గాలి మిమ్మల్ని లోపలికి తోస్తుంది, తిరిగి రావాలంటే దానికి ఎదురు తెడ్డు వేయాలి. కాబట్టి గాలి ఒడ్డు నుంచి వీస్తున్నప్పుడు తీరానికి దగ్గరగానే ఉండండి. దగ్గరగా అన్నానని బండల పక్కకు వెళ్లవద్దు. నిట్టనిలువు రాయికి కొట్టిన కెరటం అక్కడే ఆగిపోదు, తిరిగివచ్చి ఎదురుగా వస్తున్న కెరటంతో కలిసి నీటిని నిలువునా ఎగరేస్తుంది. రాతి నుంచి యాభై అడుగుల దూరంలో కుదుపుగా ఉన్న నీరు రెండు వందల అడుగుల దూరానికి జరిగితే నెమ్మదిగా ఉండటం మీరే గమనిస్తారు. ఫొటో కోసం రాళ్ల సందుల్లోకి దూరేవారిని చూసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. ఆ సందులోకి వచ్చే తరువాతి పెద్ద వరుస ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

నెలల సంగతి: డిసెంబరు చివరి నుంచి మార్చి మొదటి వారాల వరకు మన తీరం నెమ్మదిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో దక్షిణపు గాలి, దూరం నుంచి వచ్చే పొడవాటి కెరటాలు పెరుగుతాయి. వానాకాలం అంతా వద్దు. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్నే తాకింది. ఆకాశం చూసి నిర్ణయించుకోవద్దు. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన కెరటం ఇక్కడ గాలి లేని రోజున కూడా వచ్చి పడుతుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మత్స్యకారుల కోసం ఇచ్చే కెరటాల ఎత్తు, వాటి వ్యవధి, ప్రవాహాల సూచనలు ముందురోజు రాత్రీ, బయలుదేరే ముందూ చూడండి. ఈ ఏడాదికి మంగమారిపేట దాకా వెళ్లి అక్కడే దిగండి. అది ఐదారు కిలోమీటర్లు. భీమిలి వచ్చే చలికాలానికి ఉంచుకోండి.

ప్రశ్న: నాకు ఈత రాదు. వయసు 44. మా అబ్బాయి కయాకింగ్‌కు రమ్మంటున్నాడు, లైఫ్ జాకెట్ ఉంటే చాలంటున్నాడు. మా ఇంట్లోవారు ససేమిరా అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది. ఈత రానివారు జాకెట్ వేసుకుని చెరువులోనో, రిజర్వాయరులోనో కయాక్ నేర్చుకోవచ్చు. సముద్రానికి మాత్రం అది చాలదు. జాకెట్ మిమ్మల్ని తేలుస్తుందే తప్ప, ముఖం మీద కెరటం పడినప్పుడు ఊపిరి ఎలా బిగబట్టాలో, బోల్తా పడ్డ పడవ కింద నుంచి కంగారు పడకుండా ఎలా బయటకు రావాలో నేర్పదు. ముఖం నీటిలో పెట్టడానికి భయం పోయి, యాభై మీటర్లు నెమ్మదిగానైనా ఈదగలిగేవరకు సముద్రం ఆగుతుంది. 44 ఏళ్లు ఈతకు పెద్ద వయసేమీ కాదు.

జాకెట్ విషయంలో ఒక్క పరీక్ష చేయండి. తొడుక్కుని, బకిల్సు అన్నీ బిగించుకున్నాక, మీ అబ్బాయిని వెనక నిలబడి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి ముఖం మీదికి వస్తే అది మీకు పనికిరాదు. ఒకచోట అద్దెకు ఇచ్చిన జాకెట్‌కు నడుము బకిల్ విరిగిపోయి ఉంటే పురికొసతో కట్టి ఇచ్చారు. అడిగితే "ఏం కాదు సార్" అన్నారు. నేను నీటిలోకి దిగకుండా వెనక్కి వచ్చేశాను. అలాంటి చోట మొహమాటపడకండి.

మరో మాట. పడవ తిరగబడితే ఒక చేత్తో పడవను, ఇంకో చేత్తో తెడ్డును పట్టుకోవాలి. ఖాళీ పడవ గాలికి మనిషి ఈదే వేగం కన్నా త్వరగా కొట్టుకుపోతుంది. తిరిగి ఎక్కేటప్పుడు కూర్చోబోవద్దు. పక్క నుంచి బోర్లా పడవ మీద పడుకుని, కాళ్లు నీటిపైకి తేలేలా ఆడిస్తూ పాకి, ఆ తరువాత వెల్లకిలా తిరిగి, చివరికి కాళ్లు లోపల పెట్టుకోవాలి. చెరువులో ఇది వరుసగా ఐదుసార్లు చేయగలిగిన రోజున మీ ఇంట్లోవారిని గట్టున నిలబెట్టి చూపించండి. వాళ్ల భయం సగం అక్కడే తగ్గుతుంది.

ప్రశ్న: మేము శాన్ హోజేలో ఉంటాం. జూలైలో హవాయిలోని కవాయి దీవికి వెళ్లి ‘నా పాలి’ అనే తీరం మొత్తం కయాక్‌లో చేయాలనుకుంటున్నాం. వారాంతాల్లో సరస్సులో రెండేళ్లుగా తెడ్డు వేస్తున్నాం. సొంతంగా వెళ్లవచ్చా?
— ఒక పాఠకుల జంట, కాలిఫోర్నియా

జవాబు: జూలై సరైన నెలే. చలికాలంలో ఆ తీరానికి ఉత్తరం నుంచి వచ్చే కెరటాలు ఎవరినీ దిగనివ్వవు, కయాక్‌లు నడిచేది వేసవిలోనే. హాఎనా నుంచి పోలిహాలే వరకు దాదాపు 27 కిలోమీటర్లు. అందరూ ఈ దిశలోనే వెళ్తారు, ఎందుకంటే ఈశాన్యపు వాణిజ్య పవనాలు వెనక నుంచి తోస్తాయి. ఇక్కడే ఆగి ఆలోచించండి: వెనక నుంచి తోసే గాలి అంటే వెనక్కి తిరగనివ్వని గాలి. మొదటి గంటలో ఒకరికి ఒంట్లో బాగోలేకపోయినా బయలుదేరిన చోటుకు రావడం చాలా కష్టం. ముందుకే పోవాలి.

ఆ ముందు ఏముంది? నీటి అంచు నుంచి వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు లేచే పచ్చని కొండ గోడలు, వాటిలో గుహలు, పై నుంచి జారే జలపాతాలు. రోడ్డు అనేది లేదు. కలలావు లోయకు కాలినడకన వెళ్లాలంటే 18 కిలోమీటర్ల కొండ బాట. నీటి మీద నుంచి దిగదగిన చోట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మధ్యలో అందమైన హొనోపు ఇసుక తీరం కనిపిస్తుంది, కానీ అక్కడ పడవలు ఆపడం నిషేధం, ఈదుకుంటూ మాత్రమే వెళ్లాలి. రాత్రి బస చేయాలంటే ప్రభుత్వ పార్కుల శాఖ అనుమతి తీసుకోవాలి. చివరన పోలిహాలేలో కెరటం సరిగ్గా ఇసుక అంచు మీదే గట్టిగా విరుగుతుంది. రోజంతా తెడ్డు వేసిన చేతులతో దాన్ని దాటి దిగాలి.

కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను: మొదటిసారి సొంతంగా వద్దు. లైసెన్సు ఉన్న గైడుతో, ఒక్క రోజు యాత్రగా, ఇద్దరూ కూర్చునే కయాక్‌లో వెళ్లండి. రెండేళ్ల సరస్సు అనుభవం మీ భుజాలకు పనికొస్తుంది, కానీ సరస్సు మీకు కెరటం చూపించలేదు. బయలుదేరేలోగా మీ దగ్గరి పసిఫిక్ తీరంలో, కెరటాలు చిన్నగా ఉన్న రోజున, శిక్షకుల సమక్షంలో పదిసార్లు లోపలికి వెళ్లి పదిసార్లు ఒడ్డుకు రండి. అక్కడి నీరు చల్లన, వెట్‌సూట్ లేకుండా దిగవద్దు. ‘నా పాలి’ తీరంలో ఇంకో ఇబ్బంది చాలామందికి ఎదురవుతుంది: పొడవాటి కెరటాల మీద గంటల తరబడి ఊగడంతో కడుపులో తిప్పడం. మందు వాడేవారైతే డాక్టరును అడిగి, బయలుదేరే ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

ప్రశ్న: సొంతంగా కయాక్ కొనాలనుకుంటున్నాను. పైన కూర్చునేదా, లోపల కూర్చునేదా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీకు మొదట పైన కూర్చునేదే. దానిలో చేరిన నీరు అడుగున ఉన్న రంధ్రాల గుండా దానంతట అదే పోతుంది, బోల్తా పడినా తిరిగి ఎక్కడం తేలిక, మన ఎండకు ఒళ్లు ఉడికిపోదు. లోపల కూర్చునే సముద్ర కయాక్ ఐదు మీటర్లకు పైగా పొడవుండి, సన్నగా, వేగంగా సాగుతుంది. ముందూ వెనకా నీరు చొరబడని అరలు ఉంటాయి. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లు సీల్ తోలుతో చేసుకున్న పడవకు అది వారసురాలు. తలకిందులైనా బయటకు రాకుండానే తెడ్డుతో తిప్పుకుని లేచే విద్య కూడా వాళ్లదే, ఆ చల్లని నీటిలో బయటపడితే ప్రాణం దక్కదు కనుక పుట్టిన విద్య. అది నేర్పేవారు మీకు దొరికినప్పుడు రెండో రకం కొనండి. ఏదైనా రంగు మాత్రం పసుపో నారింజో తీసుకోండి. నీలం, తెలుపు పడవలు నురగలో కలిసిపోయి ఇంజన్ బోటు వారికి కనిపించవు.

ప్రశ్న: మాది భీమిలి దగ్గర మత్స్యకార కుటుంబం. మా తాత తెప్ప మీద వేటకు వెళ్లేవారు, మా నాన్నది ఇంజన్ ఉన్న ఫైబర్ బోటు. నేను డిగ్రీ చదివాను. కయాకింగ్ గైడుగా బతకవచ్చా? మా వాళ్లు ఇది ఆడుకునే పడవ అంటున్నారు.
— ఒక పాఠకుడు, భీమునిపట్నం మండలం

జవాబు: తమ్ముడూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది మీదే. పై జవాబుల్లో నేను చెప్పిన సంగతుల్లో చాలావరకు మీ తాతగారికి తెలిసినవే. తెప్ప కూడా నీరు నిలవని, మునగని, మనిషి పైన కూర్చుని తెడ్డుతో నడిపే పడవే. పైన కూర్చునే కయాక్ పనిచేసేది అదే సూత్రం మీద. గోస్తని నోటి దగ్గర ఆటు వేళ నది నీరు బయటకు లాగుతుంటే ఎదురుగా కెరటం ఎలా లేస్తుందో, ఇసుక మేట ఏ నెలలో ఎటు జరుగుతుందో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మీ పేటలో అడిగితే చెబుతారు.

మీకు లేనివి రెండు. ఒకటి, ఇతరులను రక్షించడంలో శిక్షణ, దానికి ధ్రువపత్రం. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థలో ప్రాణరక్షణ కోర్సులు ఉన్నాయి, వివరాలు వారినే అడగండి. దానితో పాటు ప్రథమ చికిత్స, గుండె మర్దన నేర్చుకోండి. రెండోది, వెనక్కి తిప్పే అలవాటు. వేటకు వెళ్లేవారు సంద్రం బాగోకపోయినా ఇల్లు గడవడానికి వెళ్తారు, గైడు అలా వెళ్లకూడదు. డబ్బు కట్టిన ఆరుగురు ఒడ్డున నిలబడి ఉన్నా, కెరటం చూసి "ఈ రోజు వద్దు" అని చెప్పి డబ్బు తిరిగి ఇవ్వగలగాలి. మొదటి ఏడాది అది మీకు చాలా కష్టంగా ఉంటుంది.

తీర రక్షక దళం నంబరు 1554, తీర భద్రతా పోలీసులది 1093. రెండూ మీ పడవ మీద చెరగని సిరాతో రాసుకోండి, ఫోనును నీరు చొరబడని సంచిలో జాకెట్‌కే కట్టుకోండి. తాతగారు ఇంకా ఒడ్డుకు నడిచి రాగలిగితే, ఏదైనా ఒక ఆదివారం తెల్లవారుజామున ఆయన్ను మీ పక్కన నిలబెట్టుకుని కెరటాలు లెక్కపెట్టమనండి. ఆయన లెక్క ఎక్కడ మొదలుపెడుతున్నారో, ఎక్కడ ఆపుతున్నారో రాసుకుని నాకు పంపండి, వచ్చే నెల ఈ శీర్షికలో వేస్తాను.