కొత్త బోరుకు ముందు ఒక డ్రమ్ము, ఒక పుల్ల

ప్రశ్న: మాది ఎర్ర గరప నేల. బోరు కింద ఎకరంన్నరలో శ్రీకాకుళం సన్నాలు రకం వరి నాటి నెలయింది. రోజూ 9 గంటలు మోటారు వేసినా తెల్లారేసరికి నీరు తగ్గిపోతోంది. ఇంకో బోరు వేయించమంటున్నారు. వేయించమంటారా?
– ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: తొందరపడకండి. ముందు ఉన్న బోరు ఎంత పోస్తోందో చూడండి. పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండే సమయం ఫోన్‌లో లెక్కపెట్టండి. 40 సెకన్లు పట్టిందనుకుందాం. 9 గంటలకు 1.62 లక్షల లీటర్లు, అంటే మీ ఎకరంన్నర మీద రెండున్నర సెంటీమీటర్ల పైమాటే. పైరుకు రోజుకు కావలసింది అర సెంటీమీటరు అటూ ఇటూ. మరి మిగతాది ఎటు పోతోంది?

సాయంత్రం మోటారు కట్టేశాక మడి గండ్లు మూసి, పుల్ల గుచ్చి నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. రాత్రి ఎండ ఉండదు, పైరు తాగేదీ దాదాపు ఉండదు. కాబట్టి తెల్లారేసరికి దిగినదంతా కారిపోయిన నీరే. రాత్రి పన్నెండు గంటల్లో ఒక్క సెంటీమీటరు దిగినా రోజుకు రెండు లెక్క. తోడినదాంట్లో ముప్పావు వంతు!

అది గట్టులోంచి పోతోందా, నేలలోకా? అడుగూ మూతా లేని పాత డ్రమ్మును మడిలో జానెడు లోతు దిగేసి, లోపలా బయటా గీతలు పెట్టండి. లోపల నిలిచి బయటే దిగితే తప్పు గట్టుది. మీ నేలలో ముందు అనుమానించాల్సింది పీత బొరియల్నే. మడి వైపు వేలెడంత కన్నమే కనిపిస్తుంది. అవతల గట్టు మొదట్లో నీరు ఊరుతుంటుంది. పైన గుప్పెడు మట్టి వేస్తే రెండు రోజులే ఆగుతుంది. లోపలికంటా తవ్వి బంకమట్టితో తొక్కాలి.

గట్లు బాగుపడ్డాక రోజూ నీరు పెట్టడం మానండి. అడుగు పొడవు పీవీసీ పైపుకు కింది భాగమంతా చిల్లులు పెట్టి, 20 సెంటీమీటర్లు నేలలోకి దించి, లోపలి మట్టి తీసేయండి. అందులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టండి. మడి నిండుగా ఉంటేనే మనసుకు నెమ్మది, నిజమే. వరికి మాత్రం అంత అక్కర్లేదు. కలుపు ఎక్కువొస్తుంది, వెంటనే తీయించండి. ఈనికకు (వెన్ను బయటికొచ్చే దశకు) వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మాత్రం నీరు నిలబెట్టాల్సిందే, అక్కడ పొదుపు వద్దు.

డ్రమ్ములో కూడా బయటంత దిగితే లోపం నేలది. అలాంటప్పుడు ఎన్ని బోర్లు వేసినా నీరు భూమిలోకే. వచ్చే ఏడు దమ్ము (నీరు పెట్టి బురదగా దున్నడం) గట్టిగా పట్టించి చదును చేయించండి. రబీలో ఆ మడుల్లో వరి వద్దు, వేరుశనగ వేసుకోండి.