ఆ గులాబీ చారల పిల్లి పేరు బ్యాగ్‌పస్ అండీ

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో చిన్నప్పుడు ఒక పిల్లల టీవీ షో చూశానని, అందులో ఏమీ అమ్మని కొట్టులో గుడ్డపిల్లి నిద్రపోతుంటుందని, పాత ఫొటోలు కూడా వచ్చేవని చెప్పి, ఆ షో ఏదని మీరు అడిగారు కదా. అది బ్యాగ్‌పస్. 1974లో బీబీసీలో వచ్చింది. ఉన్నవి 13 ఎపిసోడ్‌లే, కానీ ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వేశారు. అందుకే మీకు వందల కొద్దీ చూసినట్టు అనిపిస్తోంది.

మీరు చెప్పిన పాత ఫొటోలు మొదట్లో వచ్చేవి. ఎమిలీ అనే పాప, ఎవరో పారేసుకున్న వస్తువు తెచ్చి పిల్లి ముందు పెడుతుంది. పిల్లి పెద్దగా ఆవులించి లేస్తుంది, మాసిపోయిన ఫొటోలాంటి బొమ్మ మెల్లగా రంగుల్లోకి మారుతుంది. ఆ క్షణం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తర్వాత ఎలుకలు పాడుకుంటూ ఆ వస్తువును బాగుచేస్తాయి.

అన్నట్టు, చారలు నారింజ రంగులో రావాల్సిందట, గుడ్డకు రంగు వేయడంలో పొరపాటు జరిగి గులాబీ అయ్యాయి!

కథ చెప్పే ఆ మెత్తని గొంతు ఆలివర్ పోస్ట్‌గేట్‌ది. ఆయన పేరుతో కలిపి వెతకండి, వెంటనే దొరుకుతుంది.