పన్నెండు బిళ్లలు మిగిలి ఉండగానే

కాశీబుగ్గ

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

ఆన్‌లైన్ ఆర్డర్ రాక అమ్మకి బీపీ బిళ్లలు అయిపోయాయని మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నీకు ఏమీ చెప్పలేకపోయాను. నువ్వు ఒక పక్క ఏడుస్తూ, ఒక పక్క మీ అమ్మని, ఆ ఆన్‌లైన్ మందుల వాళ్లని కలిపి తిడుతూ ఉంటే నేను ఊఁ కొట్టడంతోనే సరిపోయింది. నిన్న పొద్దున్న బస్సెక్కి మీ ఊరు వెళ్లి చూసి వచ్చాను. అమ్మ బాగానే ఉంది. బీపీ 160 దాటిందని ఊళ్లో క్లినిక్ సిస్టర్ చెప్పింది. అయిదు రోజులు బిళ్ల లేకపోతే ఎక్కదా మరి. మళ్లీ మొదలుపెట్టింది, నువ్వు టెన్షన్ పడకు.

"మందులు ఉన్నాయా అంటే ఉన్నాయి అంది, అబద్ధం ఎందుకు చెప్పాలి?" అన్నావు. ఆవిడ అబద్ధం చెప్పలేదమ్మలూ. అడిగితే డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. పాత బిస్కెట్ల రేకు డబ్బా. థైరాయిడ్ సీసా సగం పైన ఉంది. షుగరు అట్టలు రెండు, ఒకదాన్లో ఏడు బిళ్లలు. కొలెస్ట్రాల్ అట్ట అసలు విప్పనేలేదు. బీపీ అట్టలు మూడు ఉన్నాయి, మూడూ ఖాళీ. షాపులో పేరు చూపించి తెచ్చుకోవడానికని ఖాళీవి కూడా దాచుకుంటుంది. పైనుంచి చూస్తే డబ్బా నిండుగా కనబడుతుంది. ఆవిడ లెక్కలో మందులు ఉన్నట్టే.

మీ నాన్న ఉన్నప్పుడు వాడు చూసుకునేవాడు. ఇప్పుడు ఆ పని నీ మీద పడింది. నేను బీపీ బిళ్ల వేసుకోవడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది, మీ పెద్దమ్మ ఇన్సులిన్‌కి పద్నాలుగేళ్లు. ఈ మందులు తెప్పించుకోవడంలో నేను పడనిపాట్లు లేవు.

అన్నిటికన్నా ముందు అట్టల లెక్క అర్థం చేసుకో. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఒకడు అట్టకి పది పెడతాడు, ఇంకొకడు పదిహేను, మరొకడు పద్నాలుగు, కొన్నింటికి ముప్పై. నువ్వు "అన్నీ మూడేసి అట్టలు" అని ఆర్డర్ పెడుతున్నావు. బీపీది పది బిళ్లల అట్ట, రోజుకొకటి, మూడు అట్టలంటే నెల. కొలెస్ట్రాల్‌ది పదిహేను, మూడు అట్టలు నెలన్నర వస్తాయి. షుగరుది కూడా పదిహేనే, కానీ అది పొద్దున్నా రాత్రీ. అట్ట ఏడున్నర రోజుల్లో ఖాళీ. మూడు మందులు మూడు వేర్వేరు రోజుల్లో అయిపోతుంటే ఎవరికి గుర్తుంటుంది? ఒకటి రెండు నెలలు ఎక్కువా తక్కువా కొని అన్నిటినీ ఒకే తేదీకి తెచ్చుకో. అయిదు బిళ్లలు కత్తిరించి ఇమ్మంటే షాపువాడు ఇస్తాడు గానీ, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క వాడి దగ్గర ఉండిపోతుంది. అది చూసుకుని, తేదీ అడిగి రాసుకోవాలి.

నేను కండక్టరుగా ఉన్నప్పుడు స్టేజీ స్టేజీకి టికెట్ నంబర్లు ఎస్‌ఆర్ అనే లెక్కల కాగితంలో రాసుకునేవాణ్ణి. బస్సు నిండా జనం ఉన్నారు కదా అని రాయడం మానేస్తే చెకింగ్‌లో దొరికిపోతాం. మందులకీ అదే చేస్తున్నాను. ఆదివారం పొద్దున్న కాఫీ తాగాక ఏది ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి క్యాలెండర్లో ఆ తేదీ గడిలోనే రాస్తాను. మీ అమ్మ చేత కూడా అలాగే రాయించు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు "మందులు ఉన్నాయా" అని అడగకు. "బీపీవి ఎన్ని ఉన్నాయి" అని అడుగు. అంకె చెప్పాలంటే డబ్బా తియ్యక తప్పదు.

ఆ అంకె పన్నెండుకి వచ్చిన రోజే తెప్పించే పని మొదలుపెట్టాలి. అయిదు చాలదా అంటావేమో. నీకు ఇప్పుడు జరిగిందే చూడు. ఆర్డర్ పెట్టిన రోజు ఒకటి. డాక్టరు రాసిన మందుల చీటీ చూసి వాళ్లు ఓకే చెయ్యడానికి రెండు రోజులు. పార్సిల్ పలాస దాకా రావడానికి మూడు నాలుగు రోజులు, అక్కణ్ణుంచి మీ పల్లెకి ఇంకో రెండు. మధ్యలో ఆదివారం. అందులో ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికే.

తప్పింది ఎక్కడో కూడా కనుక్కున్నాను. నువ్వు అప్‌లోడ్ చేసిన చీటీ పద్నాలుగు నెలల కిందటిది. వాళ్ల డాక్టరు మాట్లాడి చూద్దామని ఫోన్ చేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ ఫోన్ వచ్చింది మీ అమ్మ నంబరుకి. తెలియని నంబర్లు ఎత్తొద్దు, ఓటీపీలు అడుగుతారు, డబ్బులు పోతాయి అని ఆవిడకి నేర్పింది నువ్వే కదా! మూడుసార్లూ కట్ చేసేసింది. ఆర్డర్ క్యాన్సిల్. మెసేజ్ కూడా ఆవిడ ఫోన్‌కే వచ్చింది, ఇంగ్లీషులో. ఇక మీదట ఫోన్ నంబరు నీది పెట్టు, అడ్రసు నాది పెట్టు. కాశీబుగ్గ దాకా పార్సిల్ బాగానే వస్తుంది, అక్కణ్ణుంచి నేను తీసుకెళ్తాను. రిటైరైనవాణ్ణి, నాకు మాత్రం ఏం పని.

చీటీ పాతదని ఆపారని వాళ్లని తిట్టావు గానీ, అందులో వాళ్ల తప్పు పెద్దగా లేదు. బీపీ మందుల్లాంటివి షెడ్యూల్ హెచ్ కిందకి, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా కిందకి వస్తాయి. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టరు రాస్తే తప్ప ఒక చీటీ మీద ఒక్కసారే ఇవ్వాలని రూలు. మన కాశీబుగ్గ షాపుల్లో మొహం చూసి ఇచ్చేస్తారు కాబట్టి మనకి ఆ సంగతి తెలియదు. అది వాళ్ల మొహమాటం, మన హక్కు కాదు. నిద్ర మాత్రల్లాంటివైతే మొహమాటానికి కూడా ఇవ్వరు. షెడ్యూల్ హెచ్1 అని 2014 నుంచి వాటికి వేరే రిజిస్టరు రాసి మూడేళ్లు దాచాలి. మీ పెద్దమ్మ నిద్ర బిళ్ల కోసం ఒకసారి నేను కౌంటర్ దగ్గర గొడవపడి, తర్వాత సిగ్గుపడ్డాను.

కాబట్టి చీటీ సంగతి. మీ అమ్మని చూసే డాక్టరు విశాఖ నుంచి నెలకి రెండు ఆదివారాలే వస్తారు కదా. ఆ రోజు పొద్దున్న ఎనిమిదికి పేరు రాయించుకుంటే మధ్యాహ్నం రెండు గంటలకి లోపలికి పిలుస్తారు. పిలిచాక ఆయన ఇచ్చేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో "అవే కంటిన్యూ చెయ్యండమ్మా" అని నోటితో చెప్పి పంపేస్తారు, చీటీ మీద ఏమీ రాయరు. అక్కడే కదలకుండా కూర్చుని, "సార్, ఇవే మూడు నెలలకి అని రాసివ్వండి, మందు అసలు పేరు కూడా పెద్దక్షరాల్లో రాయండి" అని అడగాలి. అడిగితే రాస్తారు. అసలు పేరు, అంటే కంపెనీ పెట్టింది కాకుండా మందు జెనరిక్ పేరు, స్పష్టంగా రాయాలని 2016లోనే డాక్టర్లకి చెప్పారు. చీటీ చేతికి రాగానే అక్కడే ఫోటో తీసుకోవాలి. కొన్ని ఆసుపత్రుల ప్రింటు ఆర్నెల్లకి తెల్లకాగితం అయిపోతుంది.

అన్నట్టు, డాక్టరు దగ్గరికి వెళ్లడం చీటీ కోసమేననుకోకు. మనం ఉద్దానం వాళ్లం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న పక్క. టెల్మిసార్టాన్ అనే బీపీ బిళ్ల వాడేవాళ్లకి అప్పుడప్పుడు రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం చూడాలి. మన పక్క మరీ చూడాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి పెట్టింది ఎందుకో నీకు వేరే చెప్పాలా. మీ అమ్మ పద్నాలుగు నెలలుగా ఆ పరీక్ష చేయించుకోలేదు. ఆన్‌లైన్ వాళ్లు చీటీ ఆపకపోతే ఈ సంగతి నీకూ నాకూ తెలిసేదే కాదు. ఇంకోటి, మోకాళ్లకని ఆవిడ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు డబ్బాలో కనబడ్డాయి. తీసేశాను. ఆ మాట డాక్టరుతో నువ్వే చెప్పు, నేను చెబితే వినలేదు.

ఇక షాపు. నేను శ్రీకాకుళం నుంచి డ్యూటీలో వచ్చేటప్పుడు డ్రైవరు వెనక మందుల అట్టపెట్టెలు వేసుకొచ్చేవాళ్లం. ఇప్పటికీ అంతే, ఇక్కడ షాపులకి సరుకు వేసే మందుల ఏజెన్సీలో లేని మందు అక్కణ్ణుంచి బస్సులో పార్సిల్‌గా వస్తుంది. అందుకే షాపువాడు "రేపు రండి బావూ" అంటే ఊరికే అంటున్నాడో నిజంగా షార్టు, అంటే తెప్పించాల్సిన మందు, రాసుకున్నాడో చూసుకోవాలి. కౌంటర్ మీద ఒక పొడుగు పుస్తకం ఉంటుంది. "అందులో రాయి బాబూ, నా ముందే రాయి" అను. రాసుకున్నది వస్తుంది. పుస్తకంలోకి ఎక్కనిది వారం తిరిగినా రాదు.

దొరకనప్పుడు "ఇది లేదు, ఇదే మందు వేరే కంపెనీది ఉంది" అంటారు. కంపెనీ మారితే నష్టం లేదు, కానీ పేరు పక్కన అక్షరం మారకూడదు. ఇది నేను ఒళ్లు హూనం చేసుకుని నేర్చుకున్నది. ఒక ఎండాకాలం నా ఉత్త టెల్మిసార్టాన్ 40 లేదని ఒక షాపులో దాని పక్కన హెచ్ అని ఉన్నది ఇచ్చారు. నేనూ చూసుకోలేదు. హెచ్ అంటే నీరు తీసే మందు కలిసిందని అర్థం. మే నెల, పైన ఎండ, లోపల ఇది. మంచం మీంచి లేస్తే గది తిరిగేది. పన్నెండో రోజు బస్టాండులో మెట్ల మీద పడ్డాను. అప్పుడు అట్ట వెనక చిన్నక్షరాలు అద్దం పెట్టి చదివాను. ఏఎం అని ఉంటే ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు కలిసినట్టు. ముందు వైపు పేరు ఎలా ఉన్నా సరే, వెనక రాసి ఉండే మందు పేరు, పక్కన మిల్లీగ్రాములు, ఈ రెండూ చీటీతో కలవాలి. థైరాయిడ్‌ది మాత్రం వాడుతున్న కంపెనీదే తెప్పించు. అది మైక్రోగ్రాముల్లో ఉండే మందు, మారిస్తే డాక్టరుకి చెప్పి మళ్లీ రక్తపరీక్ష చేయించాలి.

ఊళ్లో హెల్త్ క్లినిక్ ఉంది, 104 బండి వస్తుంది, బీపీ షుగరు బిళ్లలు ఉచితంగా ఇస్తారు. అది ఉండగా నీకు ఆన్‌లైన్ దేనికో నాకు అర్థం కాలేదు. అడిగితే మీ అమ్మ చెప్పింది, "మొన్నటిది గులాబీ రంగు బావగారూ, ఈసారిది తెల్లది, ఎందుకొచ్చిన గొడవని పక్కన పెట్టేశాను" అని. ప్రభుత్వ సరఫరాలో టెండరు ఎవరికి వస్తే వాళ్ల బిళ్ల వస్తుంది, రంగు మారుతుంది. సిస్టర్ చేత ఆ అట్ట మీద పెన్నుతో "బీపీ" అని రాయించాను. ఒక జాగ్రత్త ఏమిటంటే, క్లినిక్‌దీ నువ్వు పంపిందీ ఒకే మందు. రెండూ డబ్బాలో ఉంటే రెండూ వేసుకునే మనిషి మీ అమ్మ. అందుకని ఒక రకం డబ్బాలో, రెండోది బీరువాలో పెట్టించాను. క్లినిక్‌లో ఎప్పుడైనా మందు రాకపోతే సిస్టర్‌ని కేకలెయ్యకు. ఆవిడ ఇన్ని కావాలని ఇండెంటు పెడుతుంది, రావాల్సింది పైనుంచి. పైగా ఈ-సంజీవని అనే ప్రభుత్వ వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడించేది కూడా ఆవిడే.

నిన్న నేను కొత్త అట్ట ఇవ్వగానే మీ అమ్మ అయిదు బిళ్లలు విప్పబోయింది, మానేసిన రోజులవి కూడా వేసేసుకోనా అని. పోయినవి పోయినట్టే, ఎన్ని రోజులు తప్పినా ఈ రోజుది ఒక్కటే. థైరాయిడ్ మందు ఒకరోజు తప్పినా కొంప మునగదు, అది ఒంట్లో చాలా రోజులు ఉంటుంది. ఇన్సులిన్, ఫిట్స్ మందు, రక్తం పలచబడే మందు, స్టెరాయిడ్, గుండెకి వాడే మెటోప్రొలాల్ లాంటివి అలా కాదు. అవి ఒక్క పూట కూడా ఆగకూడదు. మీ అమ్మకి అవేవీ లేవు. మీ అత్తగారికి మెటోప్రొలాల్ ఉందన్నావు, ఆవిడ లెక్క పన్నెండు కాదు, ఇరవై పెట్టుకో.

ఇరవై ఎందుకంటే తిత్లీ తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. పొద్దున్న తలుపు తీస్తే వీధికి అడ్డంగా కొబ్బరిచెట్లు, స్తంభాలు. కరెంటు లేదు, షాపు లేదు, బస్సు లేదు. ఫ్రిజ్‌లో మీ పెద్దమ్మ ఇన్సులిన్ సీసాలు రెండు, ఒకటి వాడుతున్నది, ఒకటి విప్పనిది. పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత పెట్టి, సీసాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో దింపాను. పైన తడిగుడ్డ. పూటకోసారి ఇసుక మీద నీళ్లు చల్లడం నా డ్యూటీ. వాడుతున్న సీసా మరీ వేడి తగలకుండా ఉంటే ఫ్రిజ్ లేకపోయినా దాదాపు 28 రోజులు పనికొస్తుందని తర్వాత డాక్టరు చెప్పారు. బీపీ బిళ్లలు మాత్రం నాకు అప్పటికి మూడే ఉన్నాయి. పన్నెండు లెక్క అప్పటికింకా పెట్టుకోలేదు మరి. నాలుగో రోజు నుంచి పక్కింటి మాస్టారివి అడిగి వేసుకున్నాను. ఆయనదీ నాదీ ఒకే మందు కావడం నా అదృష్టం.

నా లెక్క ప్రకారం మీ అమ్మవి జనవరి 16న అయిపోతాయి. అంటే భోగి నుంచి ముక్కనుమ దాకా కొరియరూ ఉండదు, సగం షాపులూ ఉండవు, డాక్టరు విశాఖ దాటి రారు. పన్నెండు మిగిలేది 4వ తేదీకి. ఆ రోజు ఆర్డర్ పెట్టు. దానికి ముందు డాక్టరు వచ్చే ఆదివారం నేను ఆవిడని తీసుకెళ్లి కొత్త చీటీ రాయించి, ఫోటో నీకు పంపిస్తాను.

డబ్బాలో ఖాళీ అట్టలన్నీ నేనే తెచ్చేశాను. పేరు కోసం ఒక్కొక్కటి మాత్రం దారంతో గుచ్చి మేకుకి వేలాడదీశాను. ఆవిడకి అది నచ్చలేదు, నాతో సరిగ్గా మాట్లాడలేదు, కానీ భోజనం పెట్టింది. నువ్వు పండక్కి వచ్చేటప్పుడు కొత్త క్యాలెండరు ఒకటి తెచ్చిపెట్టు, గళ్లు పెద్దవి ఉండాలి. ఇక్కడ షాపుల వాళ్లు ఇచ్చేవాటిలో దేవుడి బొమ్మే ముప్పావు వంతు ఉంటుంది, అంకె రాయడానికి చోటు ఉండదు.

ఇట్లు,
పెదనాన్న