పాత పీఎస్2 స్లిమ్‌కి చిప్ వేయించాలా? దాంట్లో లినక్స్ ఎక్కుతుందా?

చిప్ వద్దు తమ్ముడూ. అసలు మిషన్ విప్పనే విప్పొద్దు. ప్రొద్దుటూరులో మీ మామ ఆడి పక్కన పెట్టిన పీఎస్2 స్లిమ్, అంటే సోనీ ప్లేస్టేషన్ 2 గేమ్ మిషన్‌లో సన్నటి మోడల్, ఉందన్నావు. డిస్కులు ఒకసారి చదువుతుంది, ఒకసారి చదవదన్నావు. లోపల బోర్డుకి చిప్ వేస్తే హోమ్‌బ్రూ, అంటే జనం సొంతంగా రాసుకున్న ప్రోగ్రాంలు, ఆడుతుందని రిపేరు షాపులో చెప్పారని, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి కోడింగ్ నేర్చుకోవచ్చా అని అడిగావు. నాది కడప. నా దగ్గరున్నదీ స్లిమ్మే, ఊళ్లో ఒక గేమ్ పార్లర్ మూసేస్తుంటే కొన్నాను. దాని మీద నేను చేసి చూసింది చెబుతాను.

ముందు మిషన్ తిరగేసి అడుగున స్టిక్కర్ చూడు. ఎస్‌సీపీహెచ్ తర్వాత అయిదంకెల నంబరు ఉంటుంది, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. అది 70 వేల శ్రేణి నుంచి 79 వేల శ్రేణి దాకా ఏదైనా అయితే పని సులువు. పీఎస్2 ఆన్ కాగానే తన సిస్టమ్‌కి అప్‌డేట్ ఏమన్నా ఉందా అని మెమరీ కార్డులో వెతుక్కుంటుంది. ఫ్రీ మెక్‌బూట్ అనే ఉచిత ప్రోగ్రాం ఆ అప్‌డేట్ స్థానంలో కూర్చుని హోమ్‌బ్రూకి దారి ఇస్తుంది, అంతే. 90 వేల శ్రేణిలో ఆలస్యంగా వచ్చినవాటికి బయోస్ (మిషన్‌ను లేపే లోపలి ప్రోగ్రాం) 2.30. అందులో సోనీ ఆ దారి మూసేసింది. వాటికి అదే పని చేసే ఓపెన్‌టునా ఉంది, మిషన్ మెనూలోని బ్రౌజర్‌లోకి పోయి మెమరీ కార్డు తెరవగానే లేస్తుంది. ఏది వాడినా మార్పంతా 8 ఎంబీ కార్డులోనే. కార్డు పీకేస్తే మీ మామ ఆడిన పీఎస్2 ఎట్లుండేదో అట్లే ఉంటుంది. చిప్ అట్లా కాదు. బోర్డు మీద వెంట్రుకంత సన్న వైర్లు సోల్డర్ చేయాలి, ఒకటి పక్కదానికి తగిలినా బోర్డే పోవచ్చు. మన వైపు పార్లర్లలో నడిచిన మిషన్లలో చాలావాటికి చిప్ ముందే ఉండేది. నీదానికీ ఉంటే దాన్ని కదిలించకు.

కార్డులోకి ఫ్రీ మెక్‌బూట్‌నో ఓపెన్‌టునానో ఎక్కించేదెట్లా అంటే, 2020లో సీటర్ట్ అనే పేరుతో రాసే పరిశోధకుడు ఫ్రీడీవీడీబూట్ అనే పద్ధతి బయటపెట్టాడు. పీఎస్2 డీవీడీ ప్లేయర్ డిస్కులోని ఫైళ్లను చదివేటప్పుడు జరిగే ఒక పొరపాటును అది వాడుకుంటుంది. దాని ఇమేజ్‌ను, అంటే డిస్కు మొత్తం ఒకే ఫైలుగా ఉన్న కాపీని, మామూలు డీవీడీ-ఆర్ మీద తక్కువ వేగంతో రాసి, ఫైనలైజ్ చేసి (ఇంకేమీ రాయకుండా మూసేసి) పెడితే చాలు. సెట్టింగ్స్‌లో భాష ఇంగ్లిష్ ఉండాలి. అక్కడి నుంచి యూలాంచ్‌ఈఎల్‌ఎఫ్ అనే ఫైల్ మేనేజర్ తెరిచి, పెన్‌డ్రైవ్‌లోని ఇన్‌స్టాలర్‌తో కార్డు మీదికి ఎక్కిస్తావు. కానీ నీ మిషన్‌లో డిస్కు చదివే లెన్స్ నీరసంగా ఉంది, ఇంట్లో రాసిన డిస్కును అది చదవకపోవచ్చు. అందుకే ఎక్కించి అమ్మే కార్డు కొనుక్కో, లేదంటే ఇప్పటికే ఇది చేసుకున్న స్నేహితుడి మిషన్‌లో నీ కార్డు పెట్టి రాయించుకో. ఎక్కించేటప్పుడు కరెంటు పోతే కార్డు పాడవ్వొచ్చు. మే నెలలో మన దగ్గర కరెంటు సంగతి నీకు తెలుసు, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో చెయ్యి.

లెన్స్ పోయినా గేమ్‌లు ఆడొచ్చు. ఓపెన్ పీఎస్2 లోడర్ ఉంది, నీ దగ్గరున్న డిస్కులను కంప్యూటర్‌లో ఐఎస్ఓ, అంటే అలాంటి ఇమేజ్ ఫైలు, చేసుకుని పెన్‌డ్రైవ్ నుంచో నెట్‌వర్క్ నుంచో నడపొచ్చు. యూఎస్‌బీ మాత్రం 1.1, గరిష్ఠంగా సెకనుకు 12 మెగాబిట్లు. మధ్యలో వచ్చే వీడియోలు ఆగి ఆగి వస్తాయి. స్లిమ్ వెనక ఉన్న ఈథర్‌నెట్ పోర్టు ఇంతకంటే చాలా మేలు.

ఇక లినక్స్. సోనీయే 2002లో అమెరికా, యూరప్‌లలో పీఎస్2కి లినక్స్ కిట్ అమ్మింది. 40 జీబీ హార్డ్‌డిస్క్, నెట్‌వర్క్ అడాప్టర్, కీబోర్డు, మౌస్ అన్నీ అందులోనే వచ్చేవి. 2003లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ అనే సూపర్‌కంప్యూటర్ కేంద్రం దాదాపు 70 పీఎస్2లను కలిపి, ఒకే కంప్యూటర్‌లా పనిచేసే క్లస్టర్ కూడా కట్టింది. అయితే ఆ కిట్ పెద్ద పీఎస్2 కోసం చేసింది, హార్డ్‌డిస్క్ పట్టే చోటు స్లిమ్‌లో లేదు. పైగా ర్యామ్ మొత్తం 32 ఎంబీ. ఈ కాలపు బ్రౌజర్ అందులో తెరుచుకోదు. లినక్స్ నేర్చుకోవాలంటే ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఏదున్నా అదే వాడు. పీఎస్2 మీద లినక్స్ కోసం ఒక్క సెలవు రోజు కూడా పెట్టొద్దు.

కోడింగ్ అన్నావు చూడు, అక్కడ మాత్రం ఈ మిషన్‌ను మించింది నీకు దొరకదు. పీఎస్2డెవ్ పేరుతో, కోడ్‌ను మిషన్ నడిపే ప్రోగ్రాంగా మార్చే జీసీసీ కంపైలర్, పీఎస్2ఎస్‌డీకే లైబ్రరీలు ఉచితంగా ఉన్నాయి. సీ భాష వస్తే చాలు. నేను మొదట చేయాలనుకున్నది తెర మీద తెలుగులో ఒక వాక్యం చూపించడం. పీఎస్2ఎస్‌డీకేలో పరీక్షకు మాటలు చూపించే డీబగ్ ఫాంటులో తెలుగు లేదు. ఒత్తులు, గుణింతాలు కలిపి పేర్చే ఇంజిన్ రాయడం పెద్ద పని, కాబట్టి వాక్యాన్ని కంప్యూటర్‌లోనే బొమ్మగా మార్చి జీఎస్‌కిట్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీతో టెక్స్చర్‌గా, అంటే తెర మీద అతికించే బొమ్మగా, పంపాను. అప్పుడు తెలిసింది చోటు విలువ. గ్రాఫిక్స్ చిప్‌కి ఉన్న మెమరీ 4 ఎంబీ. 640 బై 512 తెర, 32 బిట్ల రంగు అంటే ఒక్క ఫ్రేమ్‌కే, అంటే తెర నిండా ఒక్క బొమ్మకే, 1.25 ఎంబీ. ఒకటి చూపిస్తూ ఇంకొకటి గీయాలి, కాబట్టి రెండు. ఏది ముందుంది, ఏది వెనకుంది అనే లోతు లెక్కకు అంతే చోటు పట్టే జడ్ బఫర్ ఇంకొకటి. 3.75 ఎంబీ అయిపోయి, బొమ్మలకు పావు ఎంబీ మిగిలింది. అక్షరాలకు లోతెందుకని జడ్ బఫర్ తీసేశాను, రంగులు 16 బిట్లకు దించాను. తెలుగు అక్షరాల టెక్స్చర్‌ను 16 రంగుల పాలెట్‌కి మారిస్తే 512 బై 512 బొమ్మ 128 కేబీలో ఒదిగింది. పాత టీవీలో మన అక్షరాలు వెలిగాక ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. ఎనిమిది జీబీల ల్యాప్‌టాప్‌లో రాస్తే ఈ లెక్క వేయాల్సిన అవసరమే నాకు వచ్చేది కాదు.

నువ్వూ అక్కడి నుంచే మొదలుపెట్టు. కంప్యూటర్ నుంచి ప్రోగ్రాంలు అందుకునే పీఎస్2లింక్‌ను కార్డులో పెట్టుకుని, స్లిమ్‌ను రౌటర్‌కి కేబుల్‌తో కలుపు. దాని ఐపీకాన్ఫిగ్ ఫైల్లో మీ ఇంటి నెట్‌వర్క్ అడ్రస్ రాయి. కంప్యూటర్‌లో పీఎస్2క్లయింట్ ఉంటే కంపైల్ అయిన ప్రోగ్రాం నేరుగా మిషన్‌లోకి పోతుంది, ప్రోగ్రాంలో ప్రింట్‌ఎఫ్‌తో రాయించిన మాటలు తిరిగి నీ కంప్యూటర్ స్క్రీన్ మీదికి వస్తాయి. పెన్‌డ్రైవ్ అటూ ఇటూ మార్చే పని ఉండదు. స్టిక్కర్ మీద నంబరు చూసి ఇక్కడ రాయి, ఫ్రీ మెక్‌బూటా, ఓపెన్‌టునానా అన్నది చెప్తాను.