గ్రామసభ జరగకుండానే జరిగినట్టు రాసుకుంటే ఎవరికి ఫిర్యాదు చేయాలి?

చాటింపు లేకుండానే మీ ఊళ్లో గ్రామసభ జరిగినట్టు రాసుకుంటున్నారని, లెక్కలు అడిగితే కార్యదర్శి దాటవేస్తున్నారని రాశారు. తెలంగాణలోని మా ఊళ్లోనూ ఇదే జరిగింది. అందుకే గట్టిగా చెబుతున్నాను, ముందే కలెక్టరేట్‌కు వెళ్లకండి. అక్కడ అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చిన మా అర్జీ మండలం మీదుగా తిరిగి తిరిగి అదే కార్యదర్శి బల్ల మీదికి వచ్చింది. 'సభ నిర్వహించడమైనది' అని ఒక్క వాక్యం రాసి పంపేశారు. ముందు రికార్డు మీ చేతికి రావాలి, ఫిర్యాదు తరువాతి మాట.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. నెలనెలా వార్డు సభ్యులతో జరిగే పాలకవర్గ సమావేశం వేరు. దరఖాస్తులో ఏది కావాలో స్పష్టంగా రాయకపోతే పాలకవర్గం తీర్మానాల నకలు చేతిలో పెట్టి పంపేస్తారు.

'సభ ఎందుకు పెట్టలేదు?' అని అడగవద్దు. సమాచార హక్కు చట్టం కింద ఉన్న రికార్డు ఇస్తారు గాని సంజాయిషీ ఇవ్వరు. గ్రామసభ నోటీసులు, తీర్మానాల పుస్తకం, హాజరు సంతకాల పేజీలు, ఆ తీర్మానాలతో చేసిన పనుల ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం), ఓచర్లు అడగండి. ఒక్క సంవత్సరానివి చాలు. పదేళ్లవి అడిగితే తిరస్కరించడానికి మనమే సాకు ఇచ్చినట్టవుతుంది. గ్రామ పంచాయతీలో దరఖాస్తు రుసుము లేదు, ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

నకళ్ల కంటే ముందు సెక్షన్ 2(జె) కింద రికార్డు తనిఖీ కోరండి. జిరాక్సులో కనిపించనివి అసలు పుస్తకంలో కనిపిస్తాయి. మేము చూసిన పుస్తకంలో సంతకాలన్నీ నల్ల సిరాతో, తీర్మానాలు నీలి సిరాతో ఉన్నాయి. మురుగుకాలువ పూడికతీత తీర్మానానికి పేజీలో చోటు చాలక చివరి రెండు వరుసలు సంతకాల మధ్యలోకి దిగాయి. అంటే సంతకాలు ముందు, తీర్మానం తరువాత. వాటిలో మా చిన్నమ్మ సంతకమూ ఉంది. ఆ తేదీన ఆమె కంటి ఆపరేషన్ కోసం హైదరాబాద్ ఆస్పత్రిలో ఉంది! ఆస్పత్రి కాగితం ఇంట్లోనే ఉంది. వేలిముద్రలు వేసినవాళ్లను అడిగితే, పింఛను పంచిన రోజున వేయించుకున్నారని చెప్పారు. చదువు రాని ముసలివాళ్ల వేలిముద్రను ఇలా వాడుకోవడం నాకు ఈనాటికీ మింగుడు పడదు.

30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ గడువు దాటిన 30 రోజుల్లోపు సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు వేయండి. కోపంతో నేరుగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు సెక్షన్ 18 ఫిర్యాదు పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ సెక్షన్ కింద అధికారికి జరిమానా పడవచ్చు గాని, సమాచారం ఇమ్మని ఆదేశించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు 2011లో మణిపూర్ కేసులో తేల్చింది. కాగితం కావాలంటే అప్పీలే దారి. పైగా రెండో అప్పీలు వినాల్సిన తెలంగాణ కమిషన్ 2023 ఫిబ్రవరి తరువాత రెండేళ్లకు పైగా కమిషనర్లు లేకుండా ఉండిపోయింది. కాబట్టి మొదటి అప్పీలులోనే పని తేలేలా పట్టుబట్టండి, విచారణకు స్వయంగా వెళ్లండి.

ధ్రువీకరించిన నకళ్లు చేతికొచ్చాక జిల్లా పంచాయతీ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. 'అవినీతి జరుగుతోంది' అని రాస్తే ఎవరూ కదలరు. ఫలానా పేజీ, ఫలానా తీర్మానం, ఫలానా ఓచరు అని రాసేసరికి మా ఊరికి విచారణ అధికారి వచ్చారు, ఆ పూడికతీత బిల్లు మీద సంజాయిషీ నోటీసు వెళ్లింది.

ఒక జాగ్రత్త. సభకు రాలేదని చెప్పినవాళ్ల చేత ఆ మాట ముందే రాయించి, సాక్షుల ఎదుట సంతకం పెట్టించండి. ఫిర్యాదు సంగతి బయటపడిన రాత్రే వాళ్ల ఇళ్లకు మనుషులు వెళతారు. మా దగ్గర ఇద్దరు మాట మార్చారు. రాసిచ్చిన కాగితం ఉండబట్టే విచారణ ఆగలేదు.